ఇల్లు మారితే ఏ లెక్కలు మారతాయి? బెంగళూరు అద్దె ఇంట్లో కరెంటు, నీరు, చెత్త, ఖాతా

హిందూపురం నుంచి వచ్చి రామమూర్తినగర్‌లో రెండో అంతస్తు పోర్షనులో అద్దెకు దిగిన ఒక జంటను ఊహించుకుందాం. మొదటి నెల గడిచేసరికి గేటుకు గుచ్చిన కరెంటు బిల్లు కనబడింది. వారికి ఎనిమిది వందలు రాగా, ఎదురు పోర్షను వారికి సున్నా వచ్చింది. నీళ్లకు నాలుగు వందలు, చెత్తకు వంద వేరుగా ఇవ్వాలని ఓనరు చెప్పారు. ఈ వీధి ఇప్పుడు పాత నగర కార్పొరేషను అయిన బీబీఎంపీ కింద లేదని, తూర్పు కార్పొరేషనులోకి వెళ్లిందని మరెవరో చెప్పారు. ఆఫీసులో ఇల్లు కొనుక్కున్న స్నేహితుడేమో ఈ-ఖాతా కోసం తిరుగుతున్నానన్నాడు. ప్రభుత్వం 200 యూనిట్లు ఉచితమంది కదా, మనకెందుకు బిల్లు వచ్చింది? చెత్త పన్ను ఓనరు కట్టాలా, మనం కట్టాలా? ఖాతా అంటే మన ఊరి పాసుపుస్తకంలో ఉండే ఖాతాయేనా? ఈ ప్రశ్నలు బెంగళూరులో అద్దెకుండే తెలుగు కుటుంబాల్లో తరచూ వినిపిస్తాయి.

విడివిడిగా చూస్తే ఇవి నాలుగు శాఖల వ్యవహారాలు. కలిపి చూస్తే మాత్రం వాటన్నిటికీ మూలం ఒకటే. ఈ నగరంలో నిత్యసేవలు చాలావరకు మనిషి పేరు మీద కాక కట్టడం మీద, దానికి ఇచ్చిన నంబరు మీద నమోదై ఉంటాయి. అద్దెకుండేవారు పదకొండు నెలలకో రెండేళ్లకో ఇల్లు మారతారు, నంబరు మాత్రం ఇంటితోనే ఉండిపోతుంది. బిల్లుల్లో కనిపించే వింతల్లో చాలావాటికి కారణం ఇదే.

బిల్లు మీద ఉండే నంబర్లు

ఆంధ్ర, తెలంగాణల్లో కరెంటు బిల్లు మీద ఉండే దాన్ని మనం సర్వీసు నంబరు అంటాం. బెంగళూరులో ఆ స్థానంలో ఆర్‌ఆర్ నంబరు ఉంటుంది. ఆర్‌ఆర్ అంటే రెవెన్యూ రిజిస్టర్, అంటే ఏ కనెక్షను నుంచి ఎంత రాబడి రావాలో రాసుకునే పుస్తకంలోని వరుస. నగరానికి కరెంటు ఇచ్చే సంస్థ బెస్కాం. నీళ్లిచ్చే జలమండలి బిల్లు మీద కూడా ఆర్‌ఆర్ నంబరనే ఉంటుంది, కానీ దానికీ కరెంటు ఆర్‌ఆర్ నంబరుకూ ఏ సంబంధమూ లేదు. పేరు ఒకటే కావడంతో ఒకదాని బదులు మరొకటి రాసి దరఖాస్తు తిరిగి రావడం మామూలే. మూడోది ఆస్తి పన్నుకు సంబంధించిన పీఐడీ నంబరు. ఇది కార్పొరేషను పుస్తకాల్లో ఆ స్థలానికి, కట్టడానికి ఉండే గుర్తింపు. అద్దెకుండేవారికి దీనితో నేరుగా పని పడదు, కానీ చెత్త రుసుము ఈ దారిలోనే వస్తుంది.

గృహజ్యోతి: 200 యూనిట్లు అంటే అసలు అర్థం

కర్ణాటక ప్రభుత్వం 2023లో ప్రారంభించిన గృహజ్యోతి పథకం ఆ ఏడాది జూలై వినియోగానికి వర్తించింది, సున్నా బిల్లులు ఆగస్టు నుంచి రావడం మొదలైంది. “200 యూనిట్ల వరకు ఉచితం” అన్న మాట జనంలోకి బాగా వెళ్లింది. అయితే ఆ 200 అనేది పైహద్దు మాత్రమే, ప్రతి ఇంటికీ ఇచ్చే వాటా కాదు. ఏ ఇంటికి ఎన్ని యూనిట్లు ఉచితమన్నది ఆ మీటరు గతాన్ని బట్టి తేలుతుంది. 2022–23 ఆర్థిక సంవత్సరంలో ఆ కనెక్షను నెలకు సగటున ఎన్ని యూనిట్లు వాడిందో చూసి, దానికి పది శాతం కలుపుతారు. వచ్చిన అంకె ఆ ఇంటి ఉచిత కోటా.

ఉదాహరణకు మన జంట దిగిన పోర్షను మీటరు 2022–23లో నెలకు సగటున 90 యూనిట్లు తిరిగిందనుకుందాం. పది శాతం కలిపితే కోటా 99 యూనిట్లు. ఆ మీటరుకు పథకం వర్తిస్తున్నప్పుడు నెలకు 95 యూనిట్లు వాడితే బిల్లు సున్నా. 130 వాడితే పైన ఉన్న 31 యూనిట్లకే డబ్బు కట్టాలి. 2025–26లో గృహ వినియోగానికి యూనిట్ ధర 5 రూపాయల 80 పైసలు కాబట్టి ఆ 31 యూనిట్లకు 179 రూపాయల 80 పైసలు అవుతుంది. విద్యుత్ ఉద్యోగుల పింఛను, గ్రాట్యుటీల కోసం యూనిట్‌కు ఆ ఏడాది 36 పైసల చొప్పున వేసిన సర్‌చార్జీ, దానితోపాటు పన్ను కలిస్తే అది సుమారు రెండు వందల రూపాయలకు చేరుతుంది.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త నిలవాలి. ఆ 90 యూనిట్ల సగటు మన జంటది కాదు. 2022–23లో వారు హిందూపురంలోనే ఉన్నారు. అది అప్పట్లో ఆ పోర్షనులో ఉన్నవారి అలవాట్ల సగటు. ఉదయం వెళ్లి రాత్రి వచ్చే ఒంటరి ఉద్యోగి ఆ ఇంట్లో ఉండి ఉంటే, ఇప్పుడు ఐదుగురున్న కుటుంబం దిగినా కోటా ఆ ఒంటరి మనిషి వాడకం మీదే లెక్కకు వస్తుంది. ఆ ఏడాది ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉండి ఉంటే సగటు మరింత పడిపోతుంది. ఒకే మెట్ల మీద ఎదురెదురుగా ఉన్న రెండు పోర్షన్లకు, ఒకే రకం ఫ్రిజ్, ఒకే రకం టీవీ ఉన్నా, బిల్లులు వేరువేరుగా రావడానికి ఇది మొదటి కారణం.

బెంగళూరు వాతావరణంలో ఏసీ కన్నా గీజరే ఎక్కువగా లెక్క తప్పిస్తుంది. రెండు కిలోవాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే రోజుకు ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు. రాయలసీమ ఎండల్లో పెరిగి గీజరు ముఖం చూడని కుటుంబం డిసెంబరు చలికి రోజూ గంట వేసిందంటే 60 యూనిట్లు దానికే పోతాయి. 99 యూనిట్ల కోటాలో సగానికి పైగా స్నానాల గదిలోనే కరిగిపోతుంది.

201వ యూనిట్ దగ్గర ఏమవుతుంది

కోటా దాటినా 200 యూనిట్ల లోపు ఉన్నంతవరకు పైనున్న వాటికే డబ్బు కడతారు. ఆ నెల వినియోగం 200 దాటితే రాయితీ మొత్తం పోతుంది, మొదటి యూనిట్ నుంచి కట్టాలి. పైగా అప్పటిదాకా కనిపించని స్థిర చార్జీ కూడా చేరుతుంది. 2025–26లో అది మంజూరైన లోడు (కనెక్షనుకు అనుమతించిన విద్యుత్ సామర్థ్యం) కిలోవాట్‌కు 145 రూపాయలు.

అదే 99 యూనిట్ల కోటా ఉన్న ఇంట్లో, మంజూరైన లోడు రెండు కిలోవాట్లు అనుకుని రెండు నెలల్ని పోల్చి చూద్దాం. ఒక నెల సరిగ్గా 200 యూనిట్లు వాడితే, పైనున్న 101 యూనిట్లకు 585 రూపాయల 80 పైసలు, సర్‌చార్జీ 36 రూపాయలు, ఆపైన పన్ను, మొత్తం 700 రూపాయల లోపే తేలుతుంది. మరుసటి నెల 201 వాడితే యూనిట్లకు 1,165 రూపాయల 80 పైసలు, స్థిర చార్జీ 290, సర్‌చార్జీ 72, ఆపైన పన్ను కలిసి 1,600 రూపాయలు దాటుతుంది. ఒక్క యూనిట్ తేడాకు తొమ్మిది వందల రూపాయలకు పైనే. పండగకు అమ్మానాన్నలు వచ్చి పది రోజులు ఉన్న నెలలో బిల్లు ఒక్కసారిగా ఎగిరితే మీటరు పాడైందని చాలామంది అనుమానపడతారు. మీటరు బాగానే ఉంటుంది, ఇల్లు ఈ అంచు దాటి ఉంటుంది.

ఎవరికి ఎక్కువ మేలు అన్న వాదన

ఈ సగటు పద్ధతి మీద మొదటి నుంచీ రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అందరికీ 200 యూనిట్లు ఇస్తే 60 యూనిట్లు వాడే ఇల్లు కూడా 190 వాడడం మొదలుపెడుతుందని, పాత వాడకాన్ని కొలబద్దగా పెట్టుకుంటే విద్యుత్తు వృథా కాదని, ఖజానా భారం కూడా ముందే అంచనాకు అందుతుందని ఈ పద్ధతిని సమర్థించేవారు అంటారు. ఈ మాటలో బలం ఉంది. అవతలివారి లెక్క వేరు. 2022–23లో పొదుపుగా నెలకు 60 యూనిట్లు వాడిన ఇంటికి 66 దక్కాయి, ధారాళంగా 150 వాడిన ఇంటికి 165 దక్కాయి. రాయితీ రూపాయల్లో చూస్తే ఎక్కువ వాడినవారికే ఎక్కువ అందింది. ఫ్రిజ్ కూడా లేని ఇల్లు ఇప్పుడు ఫ్రిజ్ కొనుక్కుంటే కోటా దాటిపోతుంది.

ఈ రెండో వాదనను ప్రభుత్వం కొంతవరకు అంగీకరించిందనే చెప్పాలి. సగటు 48 యూనిట్ల లోపు ఉన్నవారికి పది శాతం బదులు పది యూనిట్లు కలపాలని 2024 జనవరిలో నిర్ణయించారు. సగటు 30 ఉన్న ఇంటికి పాత లెక్కలో 33 వచ్చేవి, కొత్త లెక్కలో 40 వస్తాయి. అంతకు పైన ఉన్నవారి విషయంలో, ముఖ్యంగా పాతవారి సగటును మోస్తున్న అద్దెదారుల విషయంలో, అసమానత అలాగే మిగిలింది. నాకు ఇదే ఈ పథకంలోని అసలైన లోపంగా కనిపిస్తుంది. ఇంటి సగటును ఇంట్లో ఉన్న మనిషి సగటుగా తీసుకోవడం సొంత ఇళ్లున్నవారి విషయంలో చాలావరకు సరిపోతుంది కానీ, ఇంతమంది అద్దెకుండే నగరంలో సరిపోదు.

కొత్త ఇళ్ల సంగతి వేరు. వాడకం చరిత్ర లేని కనెక్షనుకు రాష్ట్ర సగటు 53 యూనిట్లుగా తీసుకుని, పది శాతం కలిపి 58 యూనిట్ల కోటా ఇచ్చారు. కొత్తగా కట్టిన భవనంలో మొదటి అద్దెదారులుగా దిగినవారికి ఉచితం తక్కువగా కనబడడానికి కారణం ఇది.

అద్దెదారు చేరిక, విడుదల, సబ్‌మీటరు

గృహజ్యోతికి అద్దెదారులు కూడా అర్హులే. కర్ణాటక ప్రభుత్వ సేవాసింధు పోర్టల్‌లో ఆధార్‌ను ఆ ఇంటి కనెక్షనుతో జోడించాలి. ఒక మనిషికి ఒక్క కనెక్షనుకే రాయితీ. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన జంట ఈ ఇంటికి రాకముందు కొన్నాళ్లు మారతహళ్లిలో అద్దెకుండి అక్కడి మీటరుకు ఆధార్ జోడించి ఉంటే, ఆ ముడి విప్పేదాకా రామమూర్తినగర్ మీటరుకు వారి పేరు ఎక్కదు. అలాగే ఇక్కడి మీటరుకు పాత అద్దెదారు ఆధార్ ముడిపడి ఉంటే అదీ విడవాలి. ఆ పాతాయన ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేసుకుంటూ ఉండవచ్చు, ఫోను నంబరు కూడా మారిపోయి ఉండవచ్చు. మొదట్లో ఈ ముడి విప్పుకునే సదుపాయమే లేదు. తరువాత, 2024లో, పాత కనెక్షను నుంచి ఆధార్‌ను విడదీసి కొత్తదానికి జోడించుకునే వీలు పోర్టల్‌లో కల్పించారు. మన జంటకు మొదటి నెల ఎనిమిది వందలు వచ్చి ఎదురింటికి సున్నా వచ్చిన ఉదాహరణలో జరిగింది ఇదే. కోటా చిన్నదవడం అటుంచి, అసలు వారి పేరు ఇంకా ఎక్కలేదు.

పాత ఇళ్లలో మరో ఏర్పాటు కనిపిస్తుంది. బెస్కాం మీటరు ఒక్కటే ఉంటుంది, ఓనరు ఒక్కో పోర్షనుకు సొంతంగా సబ్‌మీటరు పెట్టించి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తారు. బెస్కాం దృష్టిలో ఆ మూడు కుటుంబాలూ ఒకే వినియోగదారు. ముగ్గురూ తలా 80 యూనిట్లు వాడితే అసలు మీటరు 240 చూపిస్తుంది, పథకం వర్తించదు. విడిగా మూడు మీటర్లు ఉండి ఉంటే ముగ్గురికీ బిల్లు సున్నా రావడానికి అవకాశం ఉండేది. అలాగే పీజీ హాస్టళ్లు వాణిజ్య కనెక్షను మీద నడుస్తున్నచోట అక్కడ ఉండేవారికి ఈ పథకం అందదు. బీటీఎం లేఅవుట్, మారతహళ్లి పీజీల్లో ఉంటున్న వేలాది తెలుగు యువతకు గృహజ్యోతి మాట వినడమే తప్ప బిల్లులో చూడడం ఉండదు.

నీళ్ల బిల్లు: పైసాలో వంతులు

బెంగళూరు తాగే కావేరి నీరు నగరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి దశలవారీగా పంపు చేస్తే పైకి ఎక్కుతుంది. ఎత్తు తేడా దాదాపు అర కిలోమీటరు. జలమండలి ఖర్చులో కరెంటు బిల్లుదే పెద్ద పాలు కావడానికి కారణం ఈ ఎక్కుడే. 2014 నుంచి మారని నీటి ధరలను 2025 ఏప్రిల్‌లో పెంచినప్పుడు “లీటరుకు పైసా లోపే” అన్న ప్రకటన వచ్చింది. వినడానికి ఏమీ లేనట్టే ఉంది, కాని నీళ్లను మనం లీటర్లలో లెక్కపెట్టం కదా, వేల లీటర్లలో వాడతాం.

బిల్లు మెట్లు మెట్లుగా ఉంటుంది. 2014 నాటి ధరల ప్రకారం మొదటి 8,000 లీటర్లకు వెయ్యికి 7 రూపాయలు, అక్కడినుంచి 25,000 దాకా 11, ఆపైన 50,000 దాకా 26, అది దాటితే 45. పెంపు మొదటి మెట్టులో లీటరుకు 0.15 పైసా, రెండో మెట్టులో 0.40, మూడో మెట్టులో 0.80, నాలుగో మెట్టులో ఒక పైసా. నెలకు 20,000 లీటర్లు వాడే కుటుంబానికి పాత ధరలో 56, 132 కలిపి 188 రూపాయలు అయ్యేది. పెంపు 12, 48 కలిపి 60 రూపాయలు. కాబట్టి 248. మురుగునీటి చార్జీ మొదలైనవి దీనికి వేరు.

అద్దె ఇళ్లకు వచ్చేసరికి మెట్ల పద్ధతి మరో రకంగా పనిచేస్తుంది. మూడు పోర్షన్లకు కలిపి ఒకే కనెక్షను ఉండి, అది ఒకే ఇల్లుగా నమోదై ఉందనుకుందాం. తలా 12,000 లీటర్లు వాడితే మొత్తం 36,000. పెంచిన ధరల్లో ముగ్గురికీ విడివిడి కనెక్షన్లు ఉంటే ఒక్కొక్కరికి 128 చొప్పున మొత్తం 384 రూపాయలు అయ్యేది. ఒకే కనెక్షను కావడంతో వాడకం మూడో మెట్టు ఎక్కుతుంది, బిల్లు 697 అవుతుంది. ఎవరూ అదనంగా ఒక్క చెంబు కూడా వాడలేదు. ఓనరు మూడు వాటాలు వేసి వసూలు చేసినప్పుడు అద్దెదారుకు అది ఎక్కువగా తోచడంలోనూ న్యాయముంది, తాను కట్టిందే అడుగుతున్నానని ఓనరు అనడంలోనూ న్యాయముంది.

పైపు నీళ్లు చాలక ట్యాంకరు తెప్పించుకునేవారి లెక్క పూర్తిగా వేరు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి నగరం అల్లాడినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు గరిష్ఠ ధరలు పెట్టింది. ఐదు కిలోమీటర్ల లోపు దూరానికి 6,000 లీటర్ల ట్యాంకరు 600 రూపాయలు, 12,000 లీటర్లది 1,000. ప్రభుత్వం కట్టడి చేసిన ఆ ధరలోనే వెయ్యి లీటర్లకు 83 నుంచి 100 రూపాయలు పడింది. కావేరి పైపున్న ఇంటికి అదే వెయ్యి లీటర్లు అప్పట్లో ఏడు రూపాయలకో పదకొండుకో దొరికాయి. సంపులోకి పైపు దించి ట్యాంకరు మోటారు ఆన్ చేసిన ఆ పదిహేను నిమిషాల్లో పక్క వీధివారి నాలుగు నెలల నీళ్ల బిల్లంత డబ్బు ఖర్చవుతుంది.

2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల పరిధిలో ఈ తేడా ఎక్కువగా కనబడేది. వాటి కోసమే చేపట్టిన కావేరి ఐదో దశ 2024 అక్టోబరు 16న ప్రారంభమైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు దాని సామర్థ్యం. నీరు నగరందాకా రావడం ఒక ఎత్తు, ప్రతి ఇంటి ఓనరు కనెక్షను రుసుము కట్టి తీసుకోవడం మరో ఎత్తు. ఆ రుసుము ఓనరు కట్టాలి, ట్యాంకరు డబ్బు చాలాచోట్ల అద్దెదారు కడుతున్నాడు. కనెక్షను ఆలస్యమయ్యే ఇళ్లలో ఈ చిన్న విషయానికి ఉన్న పాత్ర తక్కువేమీ కాదు. ధరల పెంపు విషయంలో, కరెంటు ఖర్చు పెరుగుతూంటే పదకొండేళ్ల నాటి ధరతో సంస్థ నిలవదన్న జలమండలి మాట, ముందు లీకేజీలు అరికట్టి తరువాత అడగాలన్న పౌరుల మాట, రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

చెత్త రుసుము ఎవరు కట్టాలి

ఆస్తి పన్నులో ఘన వ్యర్థాల సెస్సు పేరుతో ఒక చిన్న మొత్తం ఎప్పటినుంచో ఉంది. 2025 ఏప్రిల్ నుంచి దానికి అదనంగా వాడకందారు రుసుము వచ్చింది. రెండింటికీ విషయం చెత్తే కావడంతో ఒకే దానికి రెండుసార్లు పన్ను వేస్తున్నారన్న ఆగ్రహం వ్యక్తమైంది. అధికారుల వివరణ ప్రకారం సెస్సు పన్నులో భాగం, రుసుము ఇంటి ముందుకు వచ్చి చెత్త తీసుకునే సేవకు ధర. 2025లో నిర్ణయించిన ప్రకారం నివాస గృహాలకు నిర్మాణ విస్తీర్ణం 600 చదరపు అడుగుల లోపైతే నెలకు 10 రూపాయలు, 1,000 లోపు 50, 2,000 లోపు 100, 3,000 లోపు 150, 4,000 లోపు 200, ఆపైన 400. దీన్ని ఏడాదికి లెక్కకట్టి ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేస్తారు. 1,200 చదరపు అడుగుల ఇంటికి సాలుకు 1,200 రూపాయలు.

ఆస్తి పన్నుతో కలిపారు కాబట్టి కార్పొరేషనుకు కట్టవలసింది ఓనరే. ఆ మొత్తాన్ని అద్దెదారు నుంచి తిరిగి తీసుకోవచ్చా లేదా అన్నది అద్దె అగ్రిమెంటులోని మాటను బట్టి ఉంటుంది. నిర్వహణ ఖర్చులు అద్దెలో కలిసే ఉన్నాయని రాసుకుంటే ఒక లెక్క, వేరని రాసుకుంటే మరో లెక్క. అయితే ఓనరు అడిగే నెలకు వంద రూపాయలు ఆ ఒక్క పోర్షను వాటాయా, లేక మొత్తం ఇంటికి పడిన రుసుమునే ముగ్గురి దగ్గరా వసూలు చేస్తున్నారా అన్నది ఆస్తి పన్ను రసీదు చూస్తే తెలిసిపోతుంది.

చెత్తను విడదీసే నియమం మాత్రం నేరుగా ఇంట్లో ఉన్నవారికే వర్తిస్తుంది. కర్ణాటక హైకోర్టు 2015లో ఇచ్చిన ఆదేశం నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతి ప్రకారం తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, డైపర్ల వంటి శానిటరీ చెత్తకు ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి. ఉదయం ఆటో టిప్పరు వచ్చినప్పుడు కొబ్బరి చిప్ప ఎందులో వేయాలన్న దగ్గర కూడా గొడవలు జరుగుతుంటాయి.

ఖాతా: పాసుపుస్తకంలోనిది కాదు

తెలుగువారికి ఈ మాట దగ్గర ప్రత్యేకమైన తికమక ఉంది. మన పట్టాదారు పాసుపుస్తకంలో ఖాతా నంబరు అంటే ఒక రైతుకు ఆ గ్రామంలో ఉన్న భూములన్నిటికీ కలిపి ఇచ్చిన నంబరు. బెంగళూరులో ఖాతా అంటే ఒక ఆస్తికి ఆస్తి పన్ను ఎవరు కట్టాలో కార్పొరేషను రాసుకున్న నమోదు. అది యాజమాన్య హక్కు పత్రం కాదు. హక్కు రిజిస్టరైన విక్రయ దస్తావేజుల వరుస నుంచి వస్తుంది. ఊళ్లో పొలం అమ్మిన డబ్బుతో ఇక్కడ స్థలం కొంటున్నవారిలో ఖాతా ఉందంటే హక్కు ఉన్నట్టేనని నమ్మేవారు నాకు తారసపడుతూనే ఉంటారు. పాసుపుస్తకానికి మనం ఇచ్చే విలువను ఈ మాటకు కూడా తెలియకుండానే ఇచ్చేస్తుంటాం.

లేఅవుట్‌కు అనుమతి, భూ వినియోగ మార్పిడి వంటివి సక్రమంగా ఉన్న ఆస్తులు ‘ఏ’ (A) ఖాతాలో ఉంటాయి. అవి లేని ఆస్తుల నుంచి కూడా పన్ను రాబట్టుకోవడానికి పెట్టిన వేరే పుస్తకం బీ ఖాతా. పన్ను కట్టించుకున్నంత మాత్రాన ఆ కట్టడాన్ని క్రమబద్ధం చేసినట్టు కాదు. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషనుకు కంప్యూటరు నమోదైన ఈ-ఖాతా తప్పనిసరి అయింది. మార్గదర్శక విలువలో (రిజిస్ట్రేషనుకు ప్రభుత్వం నిర్ణయించిన ధరలో) ఐదు శాతం కట్టి బీ ఖాతా స్థలాలను ‘ఏ’ ఖాతాలోకి మార్చుకునే వంద రోజుల కార్యక్రమాన్ని 2025 నవంబరు 1 నుంచి చేపట్టారు. మార్గదర్శక విలువ 60 లక్షలుంటే ఆ రుసుము 3 లక్షలు. ఎన్నో ఏళ్లుగా పన్ను కడుతున్న సామాన్యులకు ఇది బ్యాంకు రుణం దారి తెరిచిందని కొందరు, నియమాలు పాటించి ఎక్కువ ధర పెట్టి కొన్నవారికి అన్యాయమని కొందరు అంటారు.

దీనికీ అద్దెదారుకూ సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. నివాసయోగ్యతా పత్రం లేని భవనాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించాక కొత్త కట్టడాల్లో చాలావాటికి శాశ్వత కనెక్షన్లు ఆగాయి. 1,200 చదరపు అడుగుల లోపు స్థలాల్లోని చిన్న ఇళ్లకు ప్రభుత్వం 2025 అక్టోబరులో ఈ పత్రం నుంచి మినహాయింపు ఇచ్చింది. కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షను మీదే అద్దెకిచ్చిన భవనంలో గృహ వినియోగ ధర వర్తించదు, గృహజ్యోతి అసలే రాదు. ఓనరు కాగితాల్లోని లోటు ఈ విధంగా అద్దెదారు కరెంటు బిల్లులో తేలుతుంది.

ఐదు కార్పొరేషన్లు వచ్చాక మారినవి, మారనివి

గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది. సెప్టెంబరు 2న బీబీఎంపీ స్థానంలో మధ్య, తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. వాటన్నిటి మీదా ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంటుంది. కృష్ణరాజపురం, మహదేవపుర నియోజకవర్గాలు తూర్పు కార్పొరేషను కిందికి వచ్చాయి కాబట్టి రామమూర్తినగర్ కూడా అందులోదే.

మన జంట నిత్యజీవితంలో దీనివల్ల మారింది తక్కువే. ఆస్తి పన్ను, ఖాతా, వీధి రోడ్లు, దీపాలు కొత్త కార్పొరేషను పరిధిలోకి వెళ్లాయి. కరెంటు బెస్కాంలోనే, నీరు జలమండలిలోనే, బస్సులు బీఎంటీసీలోనే ఉన్నాయి. కరెంటు ఫిర్యాదుకు 1912, నీటికి 1916, కార్పొరేషను విషయాలకు 1533 అన్న ఫోను నంబర్లూ అవే.

విభజన మంచిదా కాదా అన్నదానిలో రెండు పక్షాలకూ చెప్పుకోదగ్గ కారణాలు ఉన్నాయి. 700 చదరపు కిలోమీటర్లు దాటిన నగరాన్ని ఒక్క కమిషనరు చూడడం కష్టమని, చిన్న కార్పొరేషనైతే వార్డు సమస్య త్వరగా పైకి చేరుతుందని ఒకరు అంటారు. ఐటీ కంపెనీలున్న తూర్పు భాగానికి పన్ను రాబడి దండిగా ఉండి పాత పేటలున్న ప్రాంతాలు వెనకబడతాయని, పైన అథారిటీ ఉండడంతో కార్పొరేషన్ల అధికారం పేరుకే మిగులుతుందని మరొకరు అంటారు. బీబీఎంపీ చివరి పాలకవర్గం పదవీకాలం 2020 సెప్టెంబరులోనే ముగిసింది. ఆ తరువాత ఐదేళ్లపాటు, బీబీఎంపీ ఉన్నంతకాలం మళ్లీ ఎన్నికలు జరగకపోవడంతో, వీధిలో గుంత పడితే తలుపు తట్టడానికి ఒక కార్పొరేటరు లేడు. ఐదింటికీ కలిపి 369 వార్డులుగా విభజించారు, బీబీఎంపీలో ఉన్నవి 198.

వచ్చే ఏడాది మన జంట ఈ ఇల్లు ఖాళీ చేసి హొరమావులో మరో ఇంటికి మారారనుకుందాం. కార్పొరేషను మారదు, ఆధార్ మారదు, వారి వాడకం కూడా మారదు. కొత్త ఇంటి మీటరు 2022–23లో సగటున 150 యూనిట్లు తిరిగి ఉంటే కోటా 165 అవుతుంది, అదే గీజరుతో అదే 130 యూనిట్లు వాడినా బిల్లు సున్నా వస్తుంది. రామమూర్తినగర్ పోర్షనులోకి దిగే తరువాతి కుటుంబం 99 యూనిట్ల దగ్గర లెక్క మొదలుపెడుతుంది. అయితే అది కూడా వెళ్లిపోయినవారి ఆధార్ ఆ మీటరు నుంచి విడిపోయి ఉంటేనే.